సూది దిగని నడుము

నా నడుములోకి మొదటిసారి సూది దింపిన డాక్టరు పేరు నాకు గుర్తుంది. ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు గౌరవం ఇచ్చినట్టవుతుంది. ఆయన సైన్యంలో కెప్టెను. వయసులో నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్న. చేతులు శుభ్రంగా ఉండేవి, నోరు ఉండేది కాదు. ఆయన నా గురించి ఒక వాక్యం రాయించాడు. దాని కింద ఇంకో వాక్యం రాయించుకోవడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

మాది కట్టంగూరుకు లోపలిగా ఉన్న ఊరు. మా బాపు బావులు తవ్వే కూలి. ఊళ్ళో సగం బావులు ఆయన చేతుల మీదుగా తవ్వినవే. తవ్వినన్ని రోజులూ ఆయన్ని లోపలికి దిగనిచ్చేవాళ్ళు, నీళ్ళు పడ్డాక గట్టు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. ఆమె ఊరి బావి దగ్గర కడవ కింద పెట్టుకుని, ఎవరైనా తోడి పోసేదాకా ఎండలో నిలబడేదట. నేను పుట్టడానికి ముందు ఏడాది బాపు, మరో నలుగురు కలిసి, కూలి పనికి పోయి వచ్చాక రోజూ ఇంత తవ్వి, మా వాడకే ఒక బావి తెచ్చుకున్నారు. లోతు బావి. నీళ్ళు అద్దంలా ఉంటాయి. మా వాడవాళ్ళకు దేవుడి మీద భిన్నాభిప్రాయాలున్నాయి గానీ ఆ బావి మీద లేవు.

పద్దెనిమిదేళ్ళకు నేను పటాలంలో చేరాను. చేర్చుకునే రోజు అక్కడి డాక్టరు నా నోరు తెరిపించి చూసి, "బీడీలు మానెయ్" అన్నాడు. నా పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. మా వాడలో అందరికీ ఉంటాయి. నేను పుట్టి బీడీ ముట్టలేదు. "తాగను సార్" అన్నాను. "అబద్ధాలు కూడా మానెయ్" అన్నాడు. అది కూడా గుర్తుంది.

ఏడెనిమిదేళ్ళ నౌకరీ అయ్యేసరికి నా మెడ బిగుసుకుపోయింది. కవాతులో "దాహినే దేఖ్" అని అరుస్తారు. కుడికి చూడమని. ముఖం ఒక్కటే తిప్పాలి, ఒళ్ళు నేరుగా ఉండాలి. మా ఊళ్ళో నలభై దాటిన మగవాడు మెడ ఒక్కటే తిప్పడం నేను చూడలేదు. పక్కనున్నవాడితో మాట్లాడాలంటే కాళ్ళతో సహా మనిషి మొత్తం తిరుగుతాడు. చిన్నప్పుడు అది మర్యాద అనుకునేవాణ్ణి. ఒకరోజు కవాతులో నేను కూడా అంతే మర్యాదగా తిరిగాను, నడుం దగ్గర్నుంచి. నా తుపాకీ పక్కవాడి చెవికి తగిలింది, వాడు ముందువాడి మీద పడ్డాడు, వందనం తీసుకుంటున్న పెద్ద అధికారి ముందు వరుస మొత్తం చెదిరింది. వారం రోజులు బస్తా మోసుకుని మైదానం చుట్టూ పరుగెత్తించారు. నడుం నొప్పి అప్పుడు మొదలైందని వాళ్ళంటారు. అంతకుముందే ఉందని నేనంటాను. ఈ విషయంలో నాకూ వాళ్ళకూ ఇప్పటికీ రాజీ లేదు.

సెలవుకు ఇంటికి పోయినప్పుడు అవ్వతో నొప్పి సంగతి చెప్పాను. ఆమె ఒక్క నిమిషంలో జబ్బు కనిపెట్టింది.

"బయటి నీళ్లు పడ్తలేవు బిడ్డా నీకు. మన బాయి నీళ్లు తాగినన్నొద్దులు నీకేమన్న అయిందా?"

నిజమే, కాలేదు. అప్పటినుంచి సెలవు ముగిసి తిరిగి పోయేటప్పుడల్లా పెద్ద నూనె డబ్బా ఒకటి శుభ్రంగా కడిగి, మా బావి నీళ్ళు నింపి, మూతకు బట్ట చుట్టి, రైల్లో కాళ్ళ మధ్య పెట్టుకుని తీసుకుపోయేవాణ్ణి. రోజూ పొద్దున పరగడుపున ఒక గ్లాసు. అయిపోవచ్చాక సగం గ్లాసు. పక్క మంచంవాడు "గంగాజలమా?" అని అడిగాడు. "దానికన్నా మంచిది" అన్నాను. వాడు చెంపలు వేసుకున్నాడు. నేను వేసుకోలేదు.

ఆ తర్వాత ఏడాది ఎడారి పక్కన పెద్ద విన్యాసాలు జరిగాయి. మమ్మల్ని ఇసుకలోకి తోలారు. మూడో రోజు గుంటలోంచి లేవబోతే లేవలేకపోయాను. ఇద్దరు చంకల కింద చేతులు వేసి గుడారాల దవాఖానకు మోసుకుపోయారు. అక్కడ కెప్టెను. ఆయన పక్కన సూదిమందులు నింపి ఇచ్చే నర్సింగు సిపాయి. వాడిది మా నల్లగొండ జిల్లానే, హుజూర్‌నగర్. సాయిబుల పిల్లవాడు. నా భాష వినగానే వాడి ముఖం వెలిగిపోయింది.

"కట్టంగూరా అన్నా? మా పుప్ఫమ్మను ఆడికే ఇచ్చిండ్రు. ఫికర్ జేయకు. కెప్టెన్ సాబ్ ఒక్క సూదేస్తె లేశి ఉరుకుతవ్."

పుప్ఫమ్మ అంటే వాడి మేనత్త. సూది అంటే వెన్నుపూసల మధ్య సందులోంచి లోపలికి పంపి, వాపు తగ్గే మందు, తిమ్మిరి మందు కలిపి పొయ్యడం. ఆ రోజుల్లో లోపల ఏముందో చూపించే మిషను అక్కడ లేదు. డాక్టరు బొటనవేలితో వెన్ను తడిమి, రెండు పూసల మధ్య పల్లం ఎక్కడుందో ఊహించి గుచ్చడమే. నన్ను పక్కకు పడుకోబెట్టి, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకోమన్నారు. నా మోకాళ్ళు ఛాతీ దాకా కూడా రాలేదు. హుజూర్‌నగర్‌వాడు ఒక చెయ్యి నా మెడ మీద, ఒక చెయ్యి మోకాళ్ళ వెనక వేసి, చాపను చుట్టినట్టు చుట్టబోయాడు.

"అన్నా, జర ఢీలా ఇడువు. నువ్వు గిట్ల బిగవడితె సూదేడికి పోతది?"

"నేనేడ బిగవడ్తున్ననయ్యా? అది ఉన్నదే గట్ల."

కెప్టెను గుచ్చాడు. ఏదో గట్టిదానికి తగిలింది. తీశాడు. వేలెడు కిందికి జరిపి గుచ్చాడు. మళ్ళీ తగిలింది. మూడోసారి తీసి, ఆ సూదిని గుడారం ద్వారం దగ్గరికి పట్టుకుపోయి వెలుతురులో చూశాడు. కొన వంగిపోయి ఉంది. ఆయన సూదిని చూశాడు, నన్ను చూశాడు. సూది మీద జాలిపడ్డట్టు కనిపించాడు.

"వీడు కావాలనే బిగిస్తున్నాడు" అన్నాడు హిందీలో. నాకు హిందీ రాదనుకున్నాడో, వచ్చినా ఏం పీకుతాడులే అనుకున్నాడో తెలియదు.

చివరికి ఇంకో సూదితో ఎక్కడో ఒకచోట మందు పోశాడు. గంట తర్వాత వచ్చి "ఎలా ఉంది?" అని అడిగాడు. ఆయనకు కావలసిన జవాబు నాకు తెలుసు. పటాలంలో ఎవరైనా ఆ జవాబే ఇస్తారు. నేను "అట్లనే ఉంది సార్" అన్నాను. ఆయన రెండు రోజులు చూశాడు. రెండు రోజులూ అదే జవాబు. మూడో రోజు నా వైద్య పుస్తకం హుజూర్‌నగర్‌వాడి ముందు పెట్టి, రాసుకోమని చెప్పి, ఒక వాక్యం చెప్పాడు. వాడు రాశాడు. ఆయన కింద సంతకం గీశాడు.

వాక్యం ఇంగ్లీషులో ఉంది. మా ఇంగ్లీషు పంతులు మమ్మల్ని వెనక బెంచీల్లో కూర్చోబెట్టి ముందు బెంచీలకు చదువు చెప్పినవాడే అయినా, నాకు ఆ మాత్రం వచ్చింది. నొప్పికి తగిన కారణం కనబడలేదు, పని తప్పించుకోవడానికి జబ్బు నటిస్తున్నాడు. అంతే.

"గిదేంది రాసినవ్?" అని అడిగాను వాణ్ణి.

"నేనేడ రాసిన అన్నా? సాబ్ చెప్పిండు."

"సాబ్ నోటితోటి చెప్పిండు. చెయ్యి నీదే కదా."

వాడు తల దించుకున్నాడు. నేను ఆ చేతిని పదకొండేళ్ళు వదల్లేదు. వాడు పెళ్ళికి పిలిస్తే పోయి, బిర్యానీ తిని, పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని, "గిదే చెయ్యి కదా" అని వచ్చాను.

ఆ పుస్తకం సిపాయి ఎక్కడికి పోతే అక్కడికి వెంట వస్తుంది. ప్రతి కొత్తచోటా డాక్టరు ముందు ఆ వాక్యం చదివేవాడు, తర్వాత నా ముఖం చూసేవాడు, తర్వాత రెండు నొప్పిబిళ్ళలు ఇచ్చేవాడు. నేను పైవాళ్ళకు అర్జీలు పెట్టాను. తగు చర్యకై పంపడమైనదని జవాబు వచ్చేది. ఎవరికి పంపారో వాళ్ళకు రాస్తే, అక్కణ్ణుంచి కూడా పంపడమైనదనే వచ్చేది. నా అర్జీలు తిరిగినంత దేశం నేను తిరగలేదు.

నౌకరీ కాలం ముగిసి ఇంటికి వచ్చాను. వాక్యం నాతోపాటే దిగింది. మాజీ సైనికులకు ఇచ్చే వాచ్‌మన్ పని ఒకటి ఉందంటే నల్లగొండలో ఒక ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా మా పక్క ఊరివాడు. పుస్తకం తిరగేసి, ఆ పేజీ దగ్గర ఆగి, పడీపడీ నవ్వాడు.

"ఏందన్నా, పటాలంల గూడ ఏషాలేసినవా? యాక్టింగని రాసిండ్రు!"

పని రాలేదు. ఆ మాట మాత్రం బస్సెక్కి నాకన్నా ముందు మా ఊరికి చేరింది. కట్టంగూరు రోడ్డు మీద హోటల్లో చాయ్ కోసం కూర్చుంటే, "యాక్టరొచ్చిండు, జాగియ్యుండ్రి" అనేవాళ్ళు. కుంటుకుంటూ నడిస్తే, "ఏం నడుస్తుండు భాయ్, అసలుదాని లెక్కనే ఉంది" అని మెచ్చుకునేవాళ్ళు. ఇంతలో కుడి భుజం కూడా పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేచేది కాదు. అంగీ తొడిగించడానికి మా ఆవిడ కావాలి. ఒకరోజు ఆమె గుండీలు పెడుతూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"నిజం జెప్పు. నిజంగనే నొస్తాందా?"

హోటల్లోవాళ్ళ మాట ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆ రోజు అన్నం తినలేదు. తినకపోవడం కూడా నటనే అంటారేమోనని సాయంత్రం తిన్నాను. వాచ్‌మన్ పని పోతే పోయింది. ఆ వాక్యం ఉన్న పేజీలోనే అది అబద్ధమని ఇంకో డాక్టరు రాయాలి. నాకు కావలసింది అదొక్కటే.

అప్పుడే హుజూర్‌నగర్‌వాడి కార్డు వచ్చింది. వాడూ అప్పటికి పటాలం వదిలి, వాళ్ళ ఊళ్ళో చిన్న గది కిరాయికి తీసుకుని, జ్వరాలకు సూదులు వేస్తున్నాడు. మాజీ సైనికుల కోసం జడ్చర్లలో గుడారాల దవాఖాన పెడుతున్నారని, తను కూడా సాయం చెయ్యడానికి పోతున్నానని, ఒక లేడీ మేజరు కీళ్ళలోకి చూస్తూ సూది వేస్తుందని రాశాడు. చివర్న, "ఈసారి పుస్తకంల ఆమెనే స్వయంగ రాస్తది, నేను పెన్ను ముట్ట" అని రాశాడు. ఆ ఒక్క మాటతో వాడి మీద కోపం కొంత తగ్గింది. మొత్తం కాదు.

సిపాయి తల్లిదండ్రులకు కూడా చూస్తారంటే బాపును వెంట తీసుకున్నాను. అప్పటికి ఆయన నడుం వంగి కొడవలిలా అయ్యాడు. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల దాకా బస్సులు మారుతూ పోయాం. నా మెడ తిరగదు, ఆయన మెడ లేవదు. కిటికీ పక్కన కూర్చుని ఆయన రోడ్డును, నేను డ్రైవరు వీపును చూస్తూ పోయాం. పాలమూరు వైపు ఊళ్ళ బావులు కనిపించినప్పుడల్లా బాపు, "గీ ఒర పెట్టినోనికి చెయ్యి దిరగలే" అని తీర్పు చెప్పేవాడు. ఒర అంటే బావి లోపల చుట్టూ కట్టే రాతి గోడ.

జడ్చర్లలో మైదానం నిండా ఆకుపచ్చ గుడారాలు. పేర్లు రాసే బల్ల దగ్గర హుజూర్‌నగర్‌వాడు కూర్చున్నాడు. నన్ను చూడగానే పెన్ను కింద పెట్టి రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. నన్ను మిషను గుడారం ముందు వరుసలో నిలబెట్టాడు. వరుస నిండా ఆడవాళ్ళే. మాజీ సైనికుల భార్యలు, కోడళ్ళు, సగంమంది కడుపుతో ఉన్నారు. ఆ రోజుల్లో మా వైపు ఆ మిషను అంటే కడుపులో బిడ్డను చూసేదనే తెలుసు. మూతి మీద చెంగు పెట్టుకున్న ఒక పెద్దామె వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నీకెన్నో నెలనయ్యా?"

"నేను పటాలంల పనిచేసొచ్చిన."

"అయితె? ఇంటామె పేరు మీద లైన్ల నిలవడ్డవా?"

"కాదమ్మా. భుజానికి చూస్తరట."

"ఓ పిల్లలాలా, ఇన్నరే! గీయనకు భుజంల కడుపొచ్చిందట!"

వరుస మొత్తం నవ్వింది. గుడారం కట్టిన తాళ్ళు పట్టుకుని మరీ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. ఆ పెద్దామెది ఏ ఊరో కనుక్కున్నాను. గుర్తుంది.

లోపల మేజరు. నలభై దగ్గర వయసు, ఉత్తరాదామె, జుట్టు గట్టిగా ముడివేసి ఉంది. హిందీలోనే మాట్లాడింది. నేను ముందుగా పుస్తకం తీసి ఆ పేజీ ముందుపెట్టాను. ఆమె దాన్ని పక్కకు జరిపింది.

"ముందు భుజం."

"ముందు చదవండి మేడమ్."

"చదివితే భుజం మారదు. అంగీ తియ్యి."

తీయలేకపోయాను. హుజూర్‌నగర్‌వాడు వచ్చి తీశాడు. ఆమె నా భుజం మీద చల్లటి జిగురు పూసి, సబ్బుబిళ్ళంత ఉన్న ఒక పిడిని ఆనించి, మెల్లగా జరుపుతూ పోయింది. మిషను తెర నా వైపు తిప్పింది. వర్షంలో టీవీ బొమ్మలా బూడిదరంగులో ఏదో కదులుతోంది. జనరేటరు చప్పుడుకు గుడారం వణుకుతోంది.

"ఇది ఎముక" అని వేలితో చూపించింది. "తెల్లగా ఉంది, దాని వెనక నల్లటి నీడ ఉంది. చూశావా? ఇక్కడ మెత్తటి పట్టీలుండాలి, ఎముకల్ని కట్టి ఉంచేవి. వాటికి నీడ ఉండకూడదు. నీ పట్టీలకు నీడ పడుతోంది."

"అంటే?"

"పట్టీలు రాయి అవుతున్నాయి. నువ్వు నటించి ఈ నీడ తెప్పించలేవు."

పదకొండేళ్ళలో నాతో ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే. పళ్ళు బిగించి ఊరుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందేమోనని భయం. ఏడిస్తే నటన అంటారు.

తర్వాత సూది. ఈసారి అది ఎక్కడికి పోతోందో నేనూ చూశాను. తెర మీద సన్నటి తెల్లటి గీత ఒకటి బూడిదరంగులోంచి ఏటవాలుగా దిగింది. రాయి అయిన చోటు దగ్గర ఆగింది. ఆమె చెయ్యి కొంచెం వంచితే గీత కూడా వంగి, పక్కనున్న సందులోంచి కీలులోకి జారింది. మందు పోస్తుంటే లోపల నల్లటి మడుగు ఒకటి విచ్చుకుంది. పావుగంట తర్వాత చెయ్యి ఎత్తమంది. చెవి దాకా లేచింది. నేను దాన్ని దించలేదు. ఆమె "చాలు, దించు" అనేదాకా ఎత్తే ఉంచాను.

"మందు కొన్ని వారాలో నెలలో పనిచేస్తుంది. రాయి మాత్రం కరగదు" అంది. తర్వాత నన్ను బోర్లా పడుకోబెట్టి వెన్ను తడిమింది. కెప్టెను మూడుసార్లు గుచ్చిన సంగతీ, సూది వంగిన సంగతీ చెప్పాను. "ఈ మిషనుతో వెన్ను లోపల అంతగా కనబడదు. కానీ ఇక్కడా అదే తంతు. మీ కెప్టెను సరైన చోటే గుచ్చి ఉంటాడు. దారే మూసుకుపోయి ఉంది."

ఆయన సరైన చోట గుచ్చాడన్న మాట వినడానికి నేను జడ్చర్ల దాకా రాలేదు. ఆమెతో అదే అన్నాను.

"వేలు సరైనదే, రాసిన మాటే తప్పు" అంది ఆమె. "నోరు తెరువు."

పళ్ళు చూసింది. బీడీల సంగతి అడుగుతుందని సిద్ధంగా ఉన్నాను. "ఏ నీళ్ళు తాగి పెరిగావు?" అని అడిగింది.

గర్వంగా చెప్పాను. మా బాపు తవ్విన బావి, లోతు బావి, అద్దంలాంటి నీళ్ళు. పటాలంలో కూడా ఆ నీళ్ళే మందులా తాగానని, నూనె డబ్బాలో దేశమంతా మోసుకు తిరిగానని చెప్పాను. ఆమె చెయ్యి నుదుటికి ఆనించుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని నాకు తర్వాత అర్థమైంది.

"ఆ నీళ్ళే నీ జబ్బు" అంది చివరికి. రాళ్ళలోంచి ఫ్లోరైడు నీళ్ళలోకి దిగుతుందని, అది ముందు పళ్ళను, తర్వాత ఎముకల్ని పట్టుకుంటుందని, నల్లగొండ పేరు తను డాక్టరు చదువులోనే విన్నానని చెప్పింది. బాపును పిలిపించి ఆయన భుజం మీద కూడా పిడి పెట్టింది. ఆయన తెరలో ఎటు చూసినా తెలుపూ నీడే.

అప్పుడు నా పుస్తకం తీసుకుని పెన్ను మూత తీసింది. "నొప్పి నిజం, కారణం ఊరి బావి నీళ్ళు అని రాస్తాను."

"బావి అని రాయొద్దు" అన్నాను.

ఆమె ఆగింది. హుజూర్‌నగర్‌వాడు నా వైపు వింతగా చూశాడు.

"నొప్పి నిజం అని మాత్రం రాయండి. బావి సంగతి వద్దు."

"కారణం లేకుండా రాస్తే రేపు ఇంకో డాక్టరు మళ్ళీ నటన అంటాడు. అతనికీ కారణం కనబడదు."

ఆ బావి ఎట్లా వచ్చిందో ఈమెకు ఎట్లా చెప్పేది? కడవ కింద పెట్టుకుని ఎండలో నిలబడ్డ మా అవ్వను ఎట్లా చూపించేది? నా పేరు కడుక్కోవడానికి బాపు పేరు మీద బురద పోయాలా? సర్కారు కాగితంలో మా వాడ బావిని విషమని రాయిస్తే, మమ్మల్ని తమ గట్టు ఎక్కనివ్వనివాళ్ళు ఎంత సంబరపడతారు? పుస్తకం లాక్కుని లేచి పోదామనుకున్నాను. లాక్కోబోయాను కూడా. కొత్తగా లేచిన చెయ్యే.

బాపు బల్ల మీద కూర్చునే, జిగురు తుడుచుకుంటూ, "ఏమైందిరా? ఎందుకు గుంజుకుంటున్నవ్?" అన్నాడు.

హుజూర్‌నగర్‌వాడే చెప్పాడు. మెల్లగా, బాపు పక్కన కింద కూర్చుని, ముఖం కనిపించేలా. "బాపూ, మీ బాయి నీళ్లతోటే గీ నొప్పులట. గది రాయొద్దంటుండు కొడుకు."

బాపు నేల వైపు చూశాడు. ఆయన చూడగలిగింది అటే.

"గందుకే ముల్కపోటు మనోళ్లందరికా?" అన్నాడు తనలో తనే. కీళ్ళలో ముల్లు దిగినట్టుండే నొప్పిని మా వాడలో ముల్కపోటు అంటారు. తర్వాత నాతో, "నేను బాయి తవ్విన. నీళ్లు నేను పోసిన్నారా అండ్ల?"

"అది కాదు బాపూ."

"ఏది కాదు? రాయకుంటె ఏమైతది? నువ్వు యాక్టరైతవ్. వాడోళ్ళు గవ్వే నీళ్లు తాగుతరు. నా బాయికొచ్చిన ఇజ్జతేంది అండ్ల?" మేజరు వైపు చెయ్యి ఊపి, ఆమెకు తెలుగు రాదన్న సంగతి పట్టించుకోకుండా, "రాయమ్మా, నువ్వు రాయి. వీనికి ఎవరితోనన్న కొట్లాడకుంటె తిన్నదరగదు" అన్నాడు.

ఆమెకు మాటలు అర్థం కాలేదు గానీ పని అర్థమైంది. నేను పుస్తకం మీదినుంచి చెయ్యి తీశాను. అయినా ఊరుకోలేదు, పాత వాక్యం అడ్డంగా కొట్టెయ్యమన్నాను.

"కొట్టేస్తే అక్కడ ఏముండేదో ఎవరికీ తెలియదు" అంది ఆమె. "ఉంచితే ఎవరు తప్పు రాశారో ఎప్పటికీ తెలుస్తుంది. నీకేది కావాలి?"

ఈమెకు మనుషులు తెలుసు అనుకున్నాను. ఉంచమన్నాను.

ఆమె రాసింది. నొప్పి నిజం, కీళ్ళ పట్టీలు గట్టిపడ్డాయి, పుట్టిన ఊరి బావి నీళ్ళలోని ఫ్లోరైడు కారణం, నటన లేదు. "నటన లేదు" కింద గీత గీయమన్నాను. గీసింది. రెండు గీతలు అడిగాను. బయటికి పొమ్మంది.

వాడకు వచ్చాక అసలు పని మొదలైంది. బావి దగ్గర నలుగురినీ పిలిచి చెబితే ఎవరూ నమ్మలేదు. "యాక్టరు కొత్త ఏషమేసిండు" అన్నారు. బాపు బావి గట్టు మీద కూర్చుని, కొడవలిలా వంగిన నడుంతో, "నాది గూడ తెరల చూసొచ్చిన. తవ్వినోన్ని నేను జెప్తున్న, తాగుడు బందు జెయ్యిండ్రి" అన్నాడు. ఆయన మాట మీద కొంతమంది తాగడం మానేశారు. ఇంకేం తాగాలో ఎవరికీ తెలియదు. మళ్ళీ ఊరివాళ్ళ గట్టు ఎక్కే ప్రశ్న వచ్చింది. అదేమీ తేలిగ్గా తేలలేదు, వాళ్ళ బావుల నీళ్ళు మాత్రం మంచివని ఎవరు చెప్పారన్న సంగతి ఇంకా పెద్ద గొడవ అయింది. వాళ్ళ మెడలు కూడా మా మెడల్లాగే తిరిగేవి కావు మరి.

మంచినీళ్ళ కోసం నల్లగొండలో ఒక ఆఫీసుకు అర్జీ పట్టుకుని పోయాను. నా పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించాను. అక్కడి ఇంజనీరు, ఒరిజినల్ ఇచ్చిపొమ్మన్నాడు. ఇవ్వనన్నాను. ఇస్తేగానీ ఫైలు కదలదన్నాడు. ఇవ్వకుండా కదిలించుకుంటానన్నాను. రెండేళ్ళు కదిలించాను. అప్పటికి వాడలో నన్ను యాక్టరు అనడం మానేసి, అర్జీలాయన అనడం మొదలుపెట్టారు. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ఒకరోజు నేనే అంగీ తొడుక్కుంటుంటే వచ్చి, అవసరం లేకపోయినా గుండీలు పెట్టింది. నేనూ ఊరుకున్నాను.

ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరైనా అడిగితే చదివి వినిపిస్తాను. కెప్టెను వాక్యం ముందు, మేజరు వాక్యం తర్వాత. మొదటిది చదవకుండా రెండోది ఎవరికీ వినిపించను.